చెల్లె మొండితనం

బాపూ,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్లిన ఏడాదికే అమ్మ కూడా వెళ్లిపోతుందేమోనని భయపడ్డాను. అమ్మ బతికింది.

పొద్దున ఛాతీలో నొప్పి అంటే చెల్లె, నేను కలిసి కోరుట్ల నుంచి జగిత్యాల ఆస్పత్రికి తీసుకొచ్చాం. నర్సు చూసి, గ్యాస్ నొప్పే, గోళీ వేసుకుని ఇంటికి పొమ్మంది. నేను సరేనని అమ్మను లేపబోయాను. చెల్లె అడ్డం నిలబడింది.

“డాక్టర్ సూసేదాక మా అమ్మను గీడికెల్లి కదిలియ్య” అంది.

నర్సు ఎంత కసిరినా చెల్లె కదల్లేదు. చివరికి డాక్టర్ వచ్చి, ఈసీజీ తీయించి, గుండెపోటని వెంటనే చేర్చుకున్నారు. లోపలికి తీసుకెళ్తుంటే అమ్మ భయంతో నా చెయ్యి వదల్లేదు. నేను మెల్లగా ప్రార్థన చేస్తుంటే ఆమె వణుకు తగ్గింది.

చెల్లెను అక్కనైన నాలా నెమ్మదస్తురాలిగా మార్చమని నువ్వు రోజూ మోకరించేవాడివి కదా. సాయంత్రం అమ్మకు అది గుర్తొచ్చింది.

“మీ బాపు అడిగిండు గని, దేవుడు ఇద్దర్ని ఒక్కతీర్గ చెయ్యలే. గదే మంచిగైంది” అని నవ్వింది.

ఇప్పుడు నిద్రపోతోంది. ఫ్యాన్ తిరగడం లేదని చెల్లె బయట ఎవరితోనో వాదిస్తోంది. నేను ఆపడం లేదు.