ఎముకకు ఆనించి కొన్న గిటార్

చిరంజీవి అమ్మడుకు,

నాన్న దీవించి రాస్తున్నాను. ఈ ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే కనక అందరం క్షేమమని రాయడానికి లేదు. నేను బాగానే ఉన్నాను. మోకాలు మెట్లెక్కేటప్పుడు గొణుగుతుంది, దిగేటప్పుడు నోరెత్తదు. నువ్వెలా ఉన్నావని అడగాల్సింది ఇక్కడే. కానీ ఈసారి ఆ మాట ఊరికే రాసి దాటేయలేను. ఉత్తరం చివరికి వచ్చాక అడుగుతాను.

నీ ఉత్తరం అంది పదకొండు రోజులైంది. ఒక్క కాగితానికి ఇన్నాళ్ళా అనుకుంటావు. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. మీ అమ్మ ఉన్నప్పుడు ఉత్తరాలన్నీ తనే రాసేది, అడుగున నేను సంతకం గీకేవాణ్ణి. నా చదువు నాలుగో తరగతితో సరి. మిల్లులో ఫిట్టర్ పనికి అంతకన్నా అక్కర్లేకపోయింది. అక్షరాలు వంకరగా ఉంటే నవ్వుకో, కానీ ఆఖరు దాకా చదువు.

బీపీ మాత్ర వేసుకుంటున్నావా అని అడిగావు. వేసుకుంటున్నాను. వంటింటి కుళాయి కారడం ఆగింది, వాషరు నేనే మార్చాను. మన గుమ్మం ముందు రోడ్డు తవ్వి వదిలేశారు. మెట్ల దగ్గర బల్ల వేసి దాని మీద నడుస్తున్నాం. కింద వాటాలో సెలూన్ బాబాయి ఆ బల్ల మీద జారి పడి, లేచి, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూశాడు. నేను పైనుంచి చూశాను. చూడలేదని చెప్పాను.

ఇక గిటార్ సంగతి. ఉన్నది ఉండగా ఇంకొకటి కొన్నావట, ఈ వయసులో ఇదేం పిచ్చి అని రాశావు. మీ అత్త చేరవేసిందన్నమాట. మా చెల్లెలి నోట్లో మాట నిలిచిన రోజు లేదు. కొన్న మాట నిజమే.

నువ్వు పుట్టకముందు మిల్లు కుర్రాళ్ళం కలిసి పాటల బృందం పెట్టుకున్నాం. అందులో బేస్ గిటార్ నాది. నాలుగు లావు తీగలు, పాట అడుగున నడిచే చప్పుడు. జనం పాడేవాణ్ణి చూస్తారు తప్ప బేస్ వాడి వైపు చూడరు. వాడు ఆపితే మాత్రం పాట కాళ్ళు విరుగుతాయి. నాకు అది నచ్చింది. ఫిట్టర్ పనీ అలాంటిదే కదా, మిల్లు ఆగినప్పుడే మేం గుర్తొస్తాం. నువ్వు పుట్టాక రెండు షిఫ్టులు చేయాల్సి వచ్చింది. వాద్యం మానేశాను. నలభై ఏళ్ళు దాని మీద చెయ్యి వేయలేదు.

పోయిన ఏడాది పక్క వీధి డ్రైవర్ బాబాయి తన అటక మీదున్న పాత బేస్ తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. ఆయనకి మామూలు గిటార్ వచ్చు, సెలూన్ బాబాయికి డ్రమ్ములు వచ్చు. సెలూన్‌కి సెలవు రోజున కుర్చీలు గోడకి జరిపి ముగ్గురం కూర్చునేవాళ్ళం. నేర్చిందంతా వేళ్ళలోనే ఉండి ఉంటుందని మహా ధీమాగా పట్టుకున్నాను. ఏమీ లేదు. ఏ తీగ ఏదో మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాను. ఆ బేస్ కూడా అలాంటిదే. మెడ వంగిపోయి తీగలకీ, వేళ్ళు నొక్కే మెట్లకీ మధ్య పెన్సిలు దూరేంత సందు. నొక్కి నొక్కి వేళ్ళు బొబ్బలెక్కాయి. మెడ లోపల దాన్ని నిటారు చేసే కడ్డీ ఉంటుంది, అది బిగిద్దామని చూశాను. మర అరిగిపోయింది. నా చేతికి లొంగని ఇనుము అంటూ ఉంటే అదే. పైగా చెక్క కాదు, అతుకుల పలక. మీటితే బల్ల మీద గుద్దినట్టుంటుంది, ఒంటికి ఏమీ తెలియదు.

ఎనిమిది నెలలు దాంతోనే వాయించాను. చెయ్యి కాస్త లొంగాక మంచిది కొందామనుకున్నాను. ఒక ఆదివారం పొద్దున సంగీతం సామాన్ల కొట్టు తెరిచేసరికి గుమ్మంలో ఉన్నాను.

కొట్టతను ముందు ఎర్రగా మెరిసేది ఒకటి తీశాడు. "కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇది బావుంటుంది పెద్దాయనా" అన్నాడు. నేను కొత్తవాణ్ణి కాదు, తిరిగొచ్చిన వాణ్ణి అన్నాను. "అయితే సగం కొత్త" అన్నాడు. కాదనలేకపోయాను.

మిల్లులో బేరింగు పాడైందో లేదో మేమెలా కనిపెట్టేవాళ్ళమో నీకు చిన్నప్పుడు చూపించాను, గుర్తుందో లేదో. పొడుగు స్క్రూడ్రైవర్ మొన యంత్రానికి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టేవాళ్ళం. షెడ్డులో అన్ని మగ్గాలు అరుస్తున్నా ఆ ఒక్క బేరింగు గుట్టు ఎముకలోకి వచ్చేస్తుంది. గుండ్లలో ఒకటి గీరుకున్నా తెలిసిపోతుంది. కొట్లో నేనదే చేశాను. బేస్ నిలబెట్టి, పైన కొమ్ములా వచ్చిన చోట చెవి వెనక ఎముక ఆనించి, తీగ మీటాను.

కొట్టతను కాసేపు చూశాడు. "పెద్దాయనా, అది దిండు కాదు" అన్నాడు.

"తెలుసు. నువ్వు ఇంకోటి తియ్యి."

"స్పీకర్ పెడతాను, చెవితో వినండి."

"అదేం వద్దు" అన్నాను.

ఐదు బేస్‌లు అలా చూశాను. నాలుగోది అతనికి బాగా ఇష్టమైనది, తనే వాయించి చూపించాడు. దాంట్లో సన్న తీగ మీద ఐదో మెట్టు దగ్గర పట్టుకుంటే పలుకు చటుక్కున చచ్చిపోతోంది. పక్క మెట్ల మీద బతికి ఉంది. చెప్పాను. అతను నమ్మలేదు. స్పీకర్ పెట్టి, తల వంచి, ఒక్కొక్క మెట్టే మీటుకుంటూ వచ్చాడు. తర్వాత నా వైపు చూసిన చూపు నాకు బాగుంది, దాచుకోను. "రెండేళ్ళుగా నా దగ్గరుంది, నాకు తెలియలేదు" అన్నాడు. ఐదోది ఒకరు వాడి అమ్మింది. రంగు పోయింది, అంచులు కొట్టుకుపోయాయి, మోయలేనంత బరువు. లావు తీగ మీటగానే అదురు దవడ దాకా వచ్చింది, ఎంతకీ పోలేదు. అదే తీసుకున్నాను. ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆ ఆదివారం ఏదో నీకు తెలుసు. నాకు నీ ఉత్తరం చూశాకే తెలిసింది.

సోమవారం పొద్దున నీకు ఆపరేషన్. అల్లుడు పని మీద పై దేశంలో ఉన్నాడు. ఆదివారం నువ్వు స్టేషన్‌కి వచ్చి రెండు బళ్ళు చూశావు. రెండో బండి దిగినవాళ్ళంతా వెళ్ళిపోయాక కూడా ప్లాట్‌ఫారం చివర దాకా నడిచావు. మర్నాడు ఆసుపత్రి కాగితం మీద సంతకానికి మనిషి లేక పక్కింటావిడ పెట్టింది. గడ్డ తీశారు, చెడ్డది కాదన్నారు అని ఒక్క ముక్క రాసి, ఆ కింద అడిగావు: "రానంటే సరిపోయేది కదా నాన్నా. అలాగేనమ్మా అని ఎందుకన్నావు?"

నాకు చెవులు పోయాయి అమ్మడూ.

ఆరేళ్ళైంది. మగ్గాల షెడ్డులో ముప్ఫై నాలుగేళ్ళు చేశాను, ఊరికే పోతాయా. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి అందుకుంటాను. వెనకనుంచి పిలిస్తే నాకు లోకం లేదు. ఎవరికీ చెప్పలేదు. మా షెడ్డులో చెవులు పోయిన జాబరు, అంటే మగ్గాల మేస్త్రీ, ఒకాయన ఉండేవాడు. అందరూ ఆయన మొహంలో మొహం పెట్టి పశువుని అదిలించినట్టు అరిచేవాళ్ళు. నేనూ అరిచాను. నాకు ఆ గతి పట్టకూడదనుకున్నాను.

ఫోను జేబులో అదిరితే నువ్వని తెలుస్తుంది. చెవికి పెట్టుకుంటే ఒకటే రొద. అందులో నీ గొంతు ఉందని తెలుస్తుంది, మాట తెలియదు. నువ్వు తెలుగులో పంపే మెసేజీలు నా పాత ఫోన్లో అక్షరాలకి బదులు గళ్ళుగళ్ళుగా వస్తాయి. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. కాసేపు ఊ కొడతాను. గొంతు ఆగినట్టనిపిస్తే "అలాగేనమ్మా" అంటాను. మళ్ళీ ఆగితే "ఒంట్లో జాగ్రత్త" అని పెట్టేస్తాను. ఆరేళ్ళు నడిచింది. నువ్వొక్కసారీ అనుమానపడలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆపరేషన్‌కి ముందటి మంగళవారం నువ్వు ఫోనులో సంగతి చెప్పి, ఆదివారానికి వస్తావా అని అడిగి, జవాబు కోసం ఆగి ఉంటావు. నువ్వు ఆగావు కనక నేను అలాగేనమ్మా అన్నాను.

నీ ఉత్తరం వచ్చిన వారంలోనే సెలూన్‌లోనూ దొరికిపోయాను. సెలూన్ బాబాయి డ్రమ్ము తొక్కే కాలు అద్దంలో కనపడుతుంది. ఇన్నాళ్ళూ ఆ కాలు చూసే తాళం పట్టాను. ఆ రోజు డ్రైవర్ బాబాయి అద్దానికి అడ్డం నిలబడ్డాడు. సరే కదా అని కళ్ళు దించుకుని వాయించాను. కొత్త బేస్ నా రొమ్ము ఎముకకి ఆనుకుంటుంది, లోపల కదులుతుంది. ఆరేళ్ళలో నాకు పూర్తిగా అందిన చప్పుడు అదొక్కటే. అందులో పడిపోయాను. తలెత్తి చూస్తే ఇద్దరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తున్నారు.

సెలూన్ బాబాయి దగ్గరికి వచ్చి అన్నాడు. "పాట ఎప్పుడో అయిపోయిందన్నా."

"నువ్వే తాళం తప్పావు" అన్నాను.

"తప్పలేదన్నా. ఆపేసి కూర్చున్నా."

డ్రైవర్ బాబాయి నా మొహంలోకి చూశాడు. "ఎన్నాళ్ళనుంచిరా ఈ నాటకం?" అన్నాడు. అరవలేదు. నెమ్మదిగా, పెదాలు కనపడేలా అన్నాడు. దానికి మాత్రం నాకు ఏడుపొచ్చింది. నీ ఉత్తరం జేబులోనే ఉంది, తీసి చదవమని ఇచ్చాను. చదివి, సెలూన్ షట్టరు దించి, ఇద్దరూ నన్ను చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళారు. చెవికి మిషను పెడితే కొంత వినికిడి వస్తుందన్నాడు. కొలతలు తీసుకున్నాడు. నెల పడుతుందట.

ఇంకొకటి ఉంది. మూడుసార్లూ ఇక్కడికి వచ్చే చింపాను.

మీ అమ్మ ఆఖరి రోజు ఆసుపత్రిలో నేనొక్కణ్ణే ఉన్నాను. నువ్వు దారిలో ఉన్నావు. మీ అమ్మ నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగి ఏదో చెప్పింది. మొహానికి గొట్టాలు తొడిగారు, పెదాలు కనపడలేదు. చాలాసేపు చెప్పింది. నేను తలూపాను. ఇంకోసారి చెప్పమని అడగలేదు. నా చెవుల సంగతి మీ అమ్మకి తెలియడం నాకు ఇష్టం లేకపోయింది, ఆ పూట కూడా. నువ్వొచ్చి అమ్మ ఏమందని అడిగితే, నిన్ను జాగ్రత్తగా చూసుకోమంది అన్నాను. అది మీ అమ్మ అన్న మాట కాదు, నేను కల్పించింది. ఏమందో నాకు తెలియదు. ఇక తెలిసే దారి కూడా లేదు. నాలుగేళ్ళుగా నువ్వా మాట నలుగురికీ చెప్పుకుంటుంటే చూసి ఊరుకున్నాను. కల్పించినవాణ్ణి దాన్నైనా నిలబెట్టుకోవాల్సింది. అదీ చేయలేదు.

గిటార్ కొన్నందుకు నాకు విచారం లేదు. ఇది నిజం, నీకు కోపం వచ్చినా సరే. ఆ ఆదివారం కొట్లో ఉన్నందుకు ఉంది. నాకు తెలిసుంటే వచ్చేవాణ్ణని రాయాలని ఉంది. కానీ తెలియకుండా చేసుకున్నది నేనే. క్షమించమని అడగడం నాకు చేతకాదు, ఎప్పుడూ అడిగినవాణ్ణి కాదు. అడుగుతున్నాను.

ఇప్పుడు చెప్పు, ఎలా ఉన్నావు? కుట్లు విప్పారా? చెయ్యి పైకి లేస్తోందా? నీళ్ళు ఎవరు పట్టుకొస్తున్నారు?

జవాబు రాయొద్దు. మిషను వచ్చాక చెవులున్న మనిషిలా వద్దామని మొదట అనుకున్నాను. అలాంటి ఆలోచనలతోనే ఇంతదాకా వచ్చింది. టికెట్ తీసుకున్నాను. వచ్చే గురువారం పొద్దున బండి దిగుతాను. నువ్వు స్టేషన్‌కి రావద్దు, దారి కాగితం మీద రాయించుకున్నాను. తిట్టాలని ఉంటే పలకో పుస్తకమో దగ్గర పెట్టుకో. గట్టిగా తిడితే పక్కింటావిడకి వినపడుతుంది తప్ప నాకు కాదు.

నీ తలుపు కొడతాను. నువ్వు లోపలినుంచి ఎవరూ అని అడుగుతావు. ఎన్నిసార్లు అడిగినా జవాబు రాదు. అప్పుడు తలుపు తియ్యి.

ఇట్లు,
తలుపు తీసేదాకా బయటే నిలబడే
మీ నాన్న