మోతి పడుకున్న మంచం

ఆర్మూర్,
ఏప్రిల్ 9, 1988.

తార బాపుకు,

రత్నవ్వ దండం పెట్టి రాసేది. ఇక్కడ నాకూ తారకూ ఒంట్లో ఏ జబ్బూ లేదు. మస్కట్‌లో మీరు కూడా బాగున్నారని, వేళకు తింటున్నారని అనుకుంటున్నాను. మీ ఉత్తరం పోయిన వారం అందింది. జవాబు రాద్దామని కూర్చోవడం, లేవడం అవుతోంది. ఈసారి పూర్తిచేసే లేస్తాను.

ముందు మీరు అడిగినవి చెబుతాను. ఈ ఏడు పసుపు బాగానే పండింది. మార్కెట్ యార్డు నిండిపోయి బండ్లు రోడ్డు మీదే నిలబడుతున్నాయి. మన గల్లీ అంతా పసుపు వాసనే. బీడీల పని నడుస్తోంది. ఇంతకాలం ఆకు అత్తమ్మ కత్తిరించేది, నేను చుట్టేదాన్ని. ఇప్పుడు రెండూ నేనే. అత్తమ్మ దినాలకు మోర్తాడ్ నుంచి మీ అక్క నీలవ్వ వచ్చింది. పిట్టకు పెట్టినప్పుడు ముట్టిందా అని అడిగారు కదా, విస్తరి పెట్టి ఇవతలికి రాకముందే కాకి వచ్చి ముట్టింది. ఆ విషయంలో మీరు మనసు కష్టపెట్టుకోకండి.

"అవ్వకు ఏం జరం వచ్చింది, ఏ డాక్టర్ సూసిండు" అని అత్తమ్మ గురించి అడిగారు. "తార ఒక్కతే అయింది, మోతిని దాని పక్కలనే పండనియ్యి" అని కూడా రాశారు. ఆ వాక్యం చదివాక దాచడం ఇక నా వల్ల కాలేదు. మోతి లేదు. జనవరిలోనే పోయింది. మొదటి నుంచి చెబుతాను.

మీరు వెళ్లిన కొత్తలో తార నిద్రలో లేచి మీ కోసం తడుముకునేదని రాశాను, గుర్తుందా? ఒకరోజు మోతిని మంచం మీదికి తెచ్చుకుంది. ఇక తెల్లారేదాకా లేవలేదు. అత్తమ్మ గొడవ పెట్టుకుంది. "కుక్క కుక్క తావుల ఉండాలె. మంచం మీద మనిషి పండుతడు. రేపు ఏదన్న అయితే ఎవలు జవాబు చెప్తరు?" అంది. నేను మిమ్మల్ని అడిగాను. "పిల్ల నిద్ర పోతున్నది గదా, పండనియ్యి" అని మీరు రాశారు. నాకు సంతోషమైంది, ఎందుకంటే నేను కోరుకున్నదీ అదే. అత్తమ్మ మాత్రం తన మంచాన్ని అవతలి గోడకు జరుపుకుని, మా వైపు వీపు పెట్టి పడుకునేది.

దీపావళి తర్వాత యార్డు దగ్గర ఏదో ఊరకుక్క మోతి మెడ మీద కరిచింది. పసుపు అద్దాం, మానిపోయింది, మేమూ మర్చిపోయాం. జనవరిలో అది తిండి మానేసింది. చొంగ కారుస్తూ మంచం కింద చీకట్లో దూరింది. మొరిగితే గొంతు వేరేగా ఉంది. తార చెయ్యి పెట్టి బయటికి లాగబోతే మణికట్టు కరిచింది. పక్కింటి పోచన్న వచ్చి వంగి చూసి, "వదినా, పిల్లను అవతలికి తీస్కపో. దీనికి పిస్స లేసింది" అన్నాడు. పెరట్లో ఆయనే కర్రతో కొట్టి చంపాడు. నేను తార చెవులు మూశాను కానీ అది వినకుండా ఆపలేకపోయాను.

అదే పూట బస్సెక్కి నిజామాబాద్ పెద్ద దవాఖానకు వెళ్లాం. అత్తమ్మ కూడా వచ్చింది. "ఈ కుక్క ఇంకెవరినైనా కరిచిందా? గీరిందా? తెగిన చోట నాకిందా?" అని డాక్టరు అడిగాడు. లేదన్నాను. అత్తమ్మ చెయ్యి కొంగులో పెట్టుకుని, "నేను దాన్ని దగ్గరికే రానియ్యలే సారూ" అంది. తార తలెత్తి నానమ్మ ముఖం చూసింది. సూది భయమనుకున్నాను.

బొడ్డు చుట్టూ రోజూ సూది. నాకు బీడీలు వదిలి కదలడానికి లేక, చాలా రోజులు అత్తమ్మే బస్సులో తీసుకెళ్లింది. పిల్ల కాళ్లు గట్టిగా పట్టుకుని, ఏడిస్తే తనూ ఏడ్చి, మళ్లీ ఎత్తుకుని వచ్చేది. రోజూ ఆ సూది పక్కనే నిలబడి వచ్చింది. ఇదంతా మీకు రాయలేదు. సెలవు దొరకదు, అక్కడ కుమిలిపోతారని అత్తమ్మా నేనూ అనుకుని మానేశాం.

ఫిబ్రవరి చివర అత్తమ్మకు బొటనవేలు తిమ్మిరెక్కింది, ఒళ్లు కాగింది. గల్లీ డాక్టరు జ్వరం గోలీలిచ్చాడు. మూడోనాడు చాయ్ ఇస్తే గొంతు పట్టేసి గ్లాసు విసిరికొట్టింది. నీళ్ల చెంబు చూసి వణికింది. తలుపు సందులోంచి గాలి తగిలినా వణికింది. పోచన్నను పిలిచి వెంటనే పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. అక్కడ చూసి, ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

మధ్యమధ్య తెలివిలోకి వచ్చేది. అలా ఒకసారి నన్ను పిలిచింది.

"రత్నా, మోతి నా కాడ గూడ పండేది."

"ఎప్పుడత్తమ్మా?"

"సలికాలంల. తెల్లారగట్ల తార పక్కలకెల్లి లేసి నా గొంగట్ల సొచ్చేది. ఎల్లగొట్ట బుద్ధి కాలే. కాళ్లు యెచ్చగుండేవి." బొటనవేలు చూపించింది. "ఆకు కత్తిరిస్తుంటే తెగింది. గా పుండు నాకింది."

"మరి దవాఖానల ఎందుకు చెప్పలేదత్తమ్మా?"

"దాని కోసం నీతోటి గంత కొట్లాడితి. ఏం మొకం పెట్టుకొని చెప్పాలె?" మీ మాటెత్తి, "కిషన్‌కు జరమనే రాయి. వాడు నవ్వుతడు" అంది.

సరేనని చేతిలో చెయ్యి వేశాను. అందుకే పోచన్న పంపిన టెలిగ్రాంలో జ్వరమని ఉంది. ఆ తర్వాతి పూటలు ఎలా గడిచాయో నన్ను అడగవద్దు. పోచన్న ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకున్నాం. తారను వాళ్లింట్లో ఉంచాం. చివరికి మీ పేరే పిలిచింది. అది మాత్రం నిజం.

ఇంతవరకే అయితే అత్తమ్మకిచ్చిన మాట నిలబెట్టుకునేదాన్ని. కానీ తార నా పక్కన పడుకోవడం లేదు. గడప దగ్గర సంచి పరుచుకుని, గోడకు ముఖం పెట్టి ఒక్కతే పడుకుంటుంది. నేను దగ్గరికి జరిగితే లేచి ఇంకో మూలకు పోతుంది. మోతి మీద బెంగ అనుకున్నాను. గల్లీ పిల్లలు "మీ కుక్కనే మీ నానమ్మను సంపింది" అంటున్నారు, దానికనుకున్నాను. మొన్న ఆదివారం తలకు నూనె రాస్తుంటే తనే మాట తీసింది.

"అవ్వా, మోతి నానమ్మ కాడ పండుతదని నాకు తెలుసు."

నూనె గిన్నె పక్కన పెట్టాను.

"నీకు చెప్పకుమన్నది. ఒట్టు పెట్టించుకున్నది. డాక్టర్ అడిగినప్పుడు నేను నానమ్మ దిక్కు సూసిన. నానమ్మ నా చెయ్యి వత్తింది." ఇంకా నా వైపు తిరగకుండానే, "నేను చెప్తే నానమ్మకు గూడ సూదులు ఏస్తుండె గదా?" అని అడిగింది.

కాదు బిడ్డా అన్నాను. ఎన్ని రకాలుగా చెప్పాలో అన్ని రకాలుగా చెప్పాను. వింటుంది, తల ఊపుతుంది, మళ్లీ ఆ సంచి మీదికే పోతుంది. సూదులు ఎందుకు వేస్తారో దానికి తెలుసు. నేను ఓదార్చడానికి అంటున్నానని కూడా తెలుసు.

మీ మాట వేరు. మీరు రాసింది అది నమ్ముతుంది. అందుకే ఒక పని అడుగుతున్నాను. తారకు రాయండి. మోతిని మంచం మీద పండనియ్యమని చెప్పింది నేనే, నానమ్మ వద్దన్నా వినలేదు, తప్పు నాది అని రాయండి. నానమ్మ మాట విని ఊరుకున్నందుకు నీ తప్పు లేదని రాయండి. నేను రాయమన్నానని మాత్రం తెలియనివ్వకండి.

అది పూర్తి నిజం కాదని నాకు తెలుసు. కన్నతల్లి పోయి రెండు నెలలైనా కాలేదు, ఆ మాట మీ చేత్తో రాయమనడం ఎంత పాపమో కూడా తెలుసు. చేతకాకపోతే తప్పంతా మీ అవ్వదే అని నా పేరు రాయండి, నేనేమీ అనుకోను. నా మీద ఉన్నా, మీ మీద ఉన్నా మోస్తాం. ఎనిమిదేళ్ల పిల్ల మీద ఉంచకండి. కవరు మీద తార పేరే రాయండి. అక్షరాలు పెద్దగా రాయండి, తనే చదువుకుంటుంది.

ఇట్లు,
మీ తార అవ్వ,
రత్నవ్వ