మొక్కు లేని పరుగు

14 సెప్టెంబర్, ఆదివారం

పేరు ఇచ్చేశాను. యాభై కిలోమీటర్లు. డిసెంబర్ ఏడున. ఇబ్రహీంపట్నం కాలేజీ గ్రౌండ్ నుంచి సాగర్ రోడ్డు మీద మాల్ ఊరు దాకా, మళ్లీ వెనక్కి. ఎనిమిది గంటల్లో రావాలి. రాలేకపోతే వెనకాల వచ్చే వ్యాన్‌లో ఎక్కించుకుని తెచ్చేస్తారట.

నవ్వొచ్చే సంగతి ఏమిటంటే అది నా రూటే. పదకొండేళ్లుగా అదే రోడ్డు మీద బస్సులో నిలబడి టికెట్లు కొడుతున్నాను. ఏ గుంత ఎక్కడుందో తెలుసు, ఏ స్టేజీలో ఎవరు చిల్లర లేదంటారో తెలుసు. ఆ రోడ్డు మీద నా కాళ్లతో మాత్రం ఎప్పుడూ పోలేదు.

ఇరవై ఒక్క కిలోమీటర్లు రెండుసార్లు పరుగెత్తాను. ఇది వేరే లెక్క, దీన్ని అల్ట్రా అంటారని వికాస్ సార్ చెప్పాడు. కాలేజీ పీటీ సార్. కానిస్టేబుల్ సెలెక్షన్లకు పిల్లలను ఉరికిస్తుంటే, వాళ్ల వెనక తోకలా నేనూ చేరాను. వెయిట్ తగ్గడానికా మేడం అని అడిగాడు. కాదన్నాను. మరెందుకు అన్నాడు. ఏమో సార్ అన్నాను.

నిజంగానే ఏమో. పరుగెత్తుతుంటే బాగుంటుంది. నలభై ఒక్క ఏళ్లలో ఎవరి కోసమూ కాకుండా చేస్తున్న పని ఇదొక్కటే. దీన్ని ఇలాగే ఉంచుకోవాలని ఉంది.

18 సెప్టెంబర్

అత్తమ్మ ఘనకార్యం చేసింది.

నీళ్ల ట్యాంకర్ దగ్గర ఎవరో అడిగారట, మీ కోడలు పొద్దున్నే ప్యాంటేసుకుని ఎక్కడికి ఉరుకుతుందని. మా అత్తమ్మ బాలనర్సమ్మ పుట్టి బుద్ధెరిగాక ఒక్క మాటకు బాకీ పడలేదు. మొక్కు ఉందని చెప్పేసింది. ఏ దేవుడికి, ఏం కోరిక అని అడిగితే, బయటికి చెప్తే ఫలం పోతుందన్నదట. గల్లీ అంతా గప్‌చుప్.

ఎందుకు అబద్ధం చెప్పావని అడిగాను.

"మరేమని చెప్పాలె? ఉత్తగనే ఉరుకుతదంటే పిచ్చి లేసిందంటరు. మొక్కంటే నోరు మూసుకుంటరు."

ఆమెను అని లాభం లేదు. అత్తమ్మ జీవితంలో ఉత్తగనే నడిచింది లేదు. నడిస్తే కట్టెలకు, నీళ్లకు, కూలికి. కానీ నాకు ఒళ్లు మండింది. ఉన్న ఒక్క పనికీ దేవుడి పేరు తగిలించింది.

23 సెప్టెంబర్, ఉదయం 7

మంచి చోటు దొరికింది. ఊరి బయట కొత్త వెంచర్. ఇళ్లు లేవు, కుక్కలు లేవు, లైట్లు మాత్రం ధగధగ. రోడ్లు నున్నగా ఉన్నాయి. ప్లాట్ల నంబర్ రాళ్ల మధ్య పదహారు కిలోమీటర్లు తిరిగాను. ఆఖరికి వాచ్‌మన్ వచ్చి, మేడం ఎంతసేపు చూస్తారు, ఈస్ట్ ఫేసింగ్ కావాలా అని అడిగాడు. నా నంబర్ తీసుకున్నాడు. ఇప్పటికే మూడు ఫోన్లు.

28 సెప్టెంబర్

బతుకమ్మ రష్. బస్సులో కాలు పెట్టే సందు లేదు. పరుగు లేదు. నిలబడటాన్ని ట్రైనింగ్‌లో లెక్క వేసుకోవచ్చా అని సార్‌ని అడగాలి.

1 అక్టోబర్

వేసుకోవచ్చట.

9 అక్టోబర్

మా ఆయన పరశురాం మొహం మాడ్చుకుని వచ్చాడు. టైల్స్ పని చేసే సైట్‌లో మేస్త్రీలందరూ ఆయన్ని కూర్చోబెట్టి తామే బస్తాలు మోశారట. ఒంట్లో ఎట్లుందని ఒకరు, దిగులు పడకు అని ఒకరు. ఇంటి ముందు ఎవరో దానిమ్మపండ్లు కూడా పెట్టిపోయారు.

సంగతి ఏమిటంటే, గల్లీ అంతా ఆలోచించి తేల్చేసింది. కోడలికి అంత పెద్ద మొక్కు ఉందంటే మొగుడికి ఏదో పెద్ద రోగం ఉండాలి. నిప్పు లేనిదే పొగ రాదు కదా. మా అమ్మాయి హాస్టల్‌లో బాగానే చదువుతోంది, అత్తమ్మ గుండ్రాయిలా ఉంది, ఇక మిగిలింది ఈయనే.

నవ్వలేక చచ్చాను. ఆయన నవ్వలేదు. దానిమ్మపండ్లు మాత్రం మొత్తం ఆయనే తిన్నాడు.

12 అక్టోబర్

ఈ రోజు నవ్వు రాలేదు.

సిద్దమ్మ రోజూ ఏడింటికి గున్‌గల్‌లో జామకాయల గంపతో ఎక్కుతుంది. ఇబ్రహీంపట్నం మార్కెట్లో అమ్ముకుంటుంది. ఆడవాళ్లకు ఫ్రీ కదా, జీరో టికెట్ కొట్టి ఇస్తుంటే నా చేతిలో ఒక చిన్న పసుపుగుడ్డ మూట పెట్టింది. ముడుపు. కూతురు నర్సు ఉద్యోగానికి పరీక్ష రాసిందట. నువ్వు నీ మొక్కు కోసం ఉరికేటప్పుడు ఇదీ నీతో మాల్ దాకా పోయి రావాలి, నీ కష్టంలో మాకూ ఇంత ఫలం దక్కుతుంది అంది.

ఒక చేతిలో టికెట్ మిషన్, ఒక చేతిలో చిల్లర. వెనక నుంచి జనం తోస్తున్నారు. సరే అన్నాను. అక్కడే తప్పు చేశాను.

19 అక్టోబర్

అందరూ అడిగీ అడిగీ పరశురాంకు నిజంగానే అనుమానం వచ్చింది. సిటీకి పోయి తల నుంచి కాలి దాకా అన్ని టెస్టులూ చేయించుకుని వచ్చాడు. అన్నీ నార్మల్.

చాలా సంతోషించాడు. ఆ సంతోషంలో రిపోర్టులు సైట్‌లో అందరికీ చూపించాడు. నాకేం లేదు, చూస్కోండి అన్నాడు.

22 అక్టోబర్

మొక్కు ఫలించిందట! ఉరకడం ఇంకా పూర్తి కాకముందే మొగుడి రోగం మాయమైందట. మంచి పవర్ ఉన్న మొక్కట. పొద్దుటి నుంచి మూడు ముడుపులు వచ్చాయి. ఒకరికి సంబంధం కుదరాలి. ఒకరి గేదె చూలు కట్టాలి. ఒకాయన వెంచర్‌లో కొన్న ప్లాటు చిక్కులో పడిందట, అది తేలాలి.

పరశురాం తల పట్టుకుని కూర్చున్నాడు. అత్తమ్మ మాత్రం ముడుపులన్నీ కళ్లకద్దుకుని దేవుడి గూట్లో పెట్టింది. ఆ మొక్కును పుట్టించింది తనే అన్న సంగతి ఆమెకు గుర్తుందో లేదో నాకు అనుమానంగా ఉంది.

2 నవంబర్, ఆదివారం

ముప్పై ఐదు కిలోమీటర్లు!!

రాత్రి వాన పడింది. పెద్దచెరువు కట్ట మీద మట్టి మెత్తగా ఉంది. నీళ్లు నిండుగా, అవతలి ఒడ్డు కనబడకుండా మంచు. ఒక్కదాన్నే. ఇరవై దాటాక ఒళ్లు నాది కానట్టు తేలికైంది. ఎందుకో గట్టిగా పాడాను. చేపలు పట్టేవాళ్లు తెప్ప మీద నుంచి చెయ్యి ఊపారు. ఇంత సంతోషం ఎవరికి చెప్పాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

పరుగు మధ్యలో శక్తి కోసం జెల్ అని ఒకటి తాగాలట. తాగాను. గంజిలో దగ్గుమందు కలిపినట్టుంది. చింతపండు, బెల్లం, ఉప్పు కలిపిన ఉండలే నయం.

బూట్లు అరిగిపోయాయి. కొత్తవి కొన్నాను. పాతవి పారేయబోతే అత్తమ్మ లాక్కుని, రబ్బరు మంచిగుందని కడిగి గోడ మీద ఎండబెట్టింది. ఎవరికని అడిగితే, ఉండనీ అంది. ఆమె చెప్పులు, నా చెప్పులు ఒకటే కొలత. ఎవరివి ముందు కనబడితే వాళ్లం తొడుక్కుంటాం.

11 నవంబర్

మోకాలు పట్టేసింది. డ్యూటీలో నిలబడలేక టూల్‌బాక్స్ మీద కూర్చున్నాను. సార్ వారం రోజులు పరుగు వద్దన్నాడు.

నా మోకాలి నొప్పి నన్ను అంత బాధ పెట్టడం లేదు. నేను మధ్యలో ఆగిపోతే సిద్దమ్మ ఏమనుకుంటుంది? కూతురికి ఉద్యోగం రాకపోతే నా మోకాలి వల్లే అనుకుంటుందా? ఒక్కదాన్ని హాయిగా ఉరుకుదామని బయల్దేరితే ఊరంతా వీపెక్కి కూర్చుంది. పేరు వెనక్కి తీసుకుందామా అనిపించింది. మొదటిసారి అనిపించింది.

16 నవంబర్

చెప్పేశాను.

మార్కెట్‌కు పోయి, గంప పక్కన కూర్చుని, ముడుపు చేతిలో పెట్టి, నాకు ఏ మొక్కూ లేదు, అత్తమ్మ ఊరికే కల్పించింది, నేను ఉత్తగనే ఉరుకుతున్నాను అన్నాను. తిడుతుందనుకున్నాను. సిద్దమ్మ జామకాయ కోసి, ఉప్పూకారం అద్ది నాకిచ్చింది.

"నువ్వు మొక్కితేంది, మొక్కకపోతే నాకేంది బిడ్డా? రోజూ బస్సుల హాస్టల్ పిల్లల టిఫిన్ డబ్బాలు తీస్కపోతలేవా? గా అన్నం నువ్వు తింటవా? ఎట్లైన పోతున్నవ్ గద, నాదింత పట్కపో."

ముడుపు మళ్లీ నా చేతికే వచ్చింది.

నిజమే. యాచారంలో ఒక తల్లి, మాల్‌లో ఒక తల్లి, పరుగెత్తుకుంటూ వచ్చి డబ్బా అందిస్తారు. దింపాల్సిన చోట దింపుతాను. దాంట్లో కూర బాగాలేకపోతే అది నా తప్పెలా అవుతుంది? ఇంత చిన్న సంగతి నాకు తట్టనే లేదు.

తిరిగొస్తూ ఇంటింటికీ పోయి మిగతావాళ్లకూ చెప్పాను. ప్లాటు ఆయన ఒక్కడే కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. అయినా వెనక్కి తీసుకోలేదు.

23 నవంబర్

మోకాలు మాట వింటోంది. ఇరవై ఐదు. నొప్పి లేదు.

30 నవంబర్

సార్ వెంట మోసే బరువు తగ్గించుకోమన్నాడు. వాటర్ బాటిల్ మూత కూడా చిన్నది ఉండాలట. ముడుపుల సంగతి చెప్పే ధైర్యం లేదు. పరుగెత్తితే నడుము దగ్గర గలగలమంటున్నాయి. అత్తమ్మ పాత లంగా గుడ్డతో ఒక పట్టీ కుట్టింది, ఒక్కో ముడుపుకు ఒక్కో అర. ఇప్పుడు చప్పుడు లేదు.

6 డిసెంబర్, సాయంత్రం

మా బస్సు డ్రైవర్ ఖలీల్ వాళ్లమ్మ జమాల్ బీ వచ్చింది. వెనక వీధిలోనే ఉంటుంది. ఈమె కూడా ఏదో తెచ్చిందని అత్తమ్మ పట్టీలో ఇంకో అర వెతికింది. ఈమెది నడుముకు కాదట. నా కుడి భుజానికి ఆకుపచ్చ గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి కట్టింది. ఇమామ్ జామిన్. వాళ్లలో దూరం పోయేవాళ్లకు కడతారు. చేరాక ఆ బిళ్ల లేనివాళ్లకు ఇచ్చేయాలట.

నీ కోరిక ఏమిటి జమాల్ బీ అని నేనే అడిగాను. అలవాటైపోయింది.

"దీంట్ల నా కోరికేం లేదు బిడ్డా. నువ్వు సలామత్‌గ పోయి రావాలె. గంతే."

లోపలికి పోయి కాసేపు ఏడ్చాను. దుఃఖం కాదు.

7 డిసెంబర్, ఆదివారం, రాత్రి 8

చేతులు బాగానే ఉన్నాయి, రాయగలను. కాళ్ల గురించి అడగొద్దు.

ఐదింటికి మొదలైంది. చలి. తలకు లైట్లు కట్టుకుని వంద మంది. నా రోడ్డు మొదటిసారి నెమ్మదిగా నా ముందుకు వచ్చింది. బస్సులోంచి కనబడని ఇళ్లు ఎన్ని ఉన్నాయో. యాచారంలో టిఫిన్ డబ్బా తల్లి గేటు దగ్గర నిలబడి ఉంది. ఈసారి చేతిలో డబ్బా లేదు, నిమ్మకాయ నీళ్లు. మాల్ చేరేసరికి ఇంకా నవ్వుతూనే ఉన్నాను.

తిరుగుదారిలో గున్‌గల్ దాటాక అయిపోయింది. ఎండ నెత్తికెక్కింది. తొడలు రాయిలా బిగిశాయి. నాలుగడుగులు నడిచి కిలోమీటర్ రాయి మీద కూలబడ్డాను. వెనక దూరంగా వాళ్ల వ్యాన్ కనబడుతోంది. అప్పుడు దానికంటే ముందు నా బస్సు వచ్చింది.

ఆ హారన్ ఎవరిదో చూడక్కర్లేదు. ఖలీల్ పక్కకు తీసి ఆపాడు. డోర్ దగ్గర నా చోట వేరే కండక్టర్. కిటికీల నిండా తలకాయలు. రోజూ ఏడింటికి ఎక్కే సిద్దమ్మ ఈ రోజు నేను దాటిపోయాకే ఎక్కుతానని గున్‌గల్‌లో పదకొండు దాకా కూర్చుందట, నేనే చూడలేదు.

"ఎక్కుతవా అక్కా? సీటుంది," అన్నాడు ఖలీల్.

ఆ బస్సులో ఖాళీ సీటు ఉండటమే వింత. ఎక్కాలనిపించింది. దాచను, చాలా అనిపించింది. ఎక్కితే ఎవరూ ఏమీ అనరు, ముడుపులు కూడా అదే బస్సులో హాయిగా ఇల్లు చేరతాయి. లేచి డోర్ కడ్డీ పట్టుకున్నాను. భుజం మీద ఆకుపచ్చ గుడ్డ చెమటకు అంటుకుని ఉంది. నాకేం కావాలో నన్ను నేనే అడుక్కున్నాను. ఇంత నొప్పిలోనూ జవాబు తేలిగ్గా వచ్చింది. నాకు ఇంకా ఉరకాలనే ఉంది.

బస్సు ఒంటి మీద రెండు దెబ్బలు చరిచాను.

"రైట్, రైట్!"

బస్సు బస్సంతా గొల్లున నవ్వింది. సిద్దమ్మ కిటికీలోంచి జామకాయ అందించింది. బస్సు కదిలింది. దాని వెనకాలే నేనూ కదిలాను. కొంచెం నడక, కొంచెం పరుగు, కొంచెం తిట్లు. గడువుకు పావుగంట ఉండగా గ్రౌండ్‌లో అడుగుపెట్టాను. పరశురాం కంట్లో దుమ్ము పడిందన్నాడు. అత్తమ్మ చెంబుతో సల్ల పట్టుకుని నిలబడింది. సల్ల తాగుతుంటే, నా నడుముకున్న పట్టీ విప్పి లెక్క సరిపోయిందా లేదా అని చూసుకుంది.

యాభై కిలోమీటర్లు. నేనే.

8 డిసెంబర్

రెండు మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నాను. బస్టాండ్ దాకా పోయి జమాల్ బీ బిళ్ల ఒక ముసలాయనకు ఇచ్చాను. ముడుపులు ఎవరివి వాళ్లకు చేర్చాను. సిద్దమ్మ కూతురి రిజల్ట్ ఇంకా రాలేదు. గేదె మాత్రం కట్టింది.

సాయంత్రం అత్తమ్మ కాళ్లకు నూనె రాస్తూ, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"గిప్పుడన్న చెప్పు. ఏం మొక్కినవ్?"

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమై నవ్వాగలేదు. తను పుట్టించిన మొక్కును తనే నమ్మేసింది.

"మొక్కు నువ్వే పుట్టించినవ్ గదా అత్తమ్మా. నేనేం మొక్కలే. ఉరకబుద్ధైంది, ఉరికిన."

రాస్తున్న చెయ్యి ఆగింది.

"గట్ల గూడ చేస్తరా?"

చేస్తారన్నాను. అత్తమ్మ చాలాసేపు ఒకే కాలికి నూనె రాస్తూ కూర్చుంది.

14 డిసెంబర్, ఆదివారం, ఉదయం 5:30

అత్తమ్మ ఇంట్లో లేదు. బిందెలు ఇక్కడే ఉన్నాయి. గోడ మీద నా పాత బూట్లు లేవు.