అల్లుడుగారి ఆదా

అమ్మా,

నాన్నగారు క్షేమంగా మా ఇంటికి చేరారు, కంగారు పడకు. ఇప్పుడు మీ అల్లుడుగారి ఘనకార్యం విను.

కేబుల్ దండగని పోయిన నెల వైరు పీకించేశారు. ఇప్పుడు మా టీవీ నా ఫోన్‌లోని నెట్‌తో నడుస్తోంది. ఫోన్ మోగితే బొమ్మ ఆగిపోతుంది. నిన్న సాయంత్రం నేను డాబా మీద వడియాలు తీస్తున్నాను. నాన్నగారు కంటి డాక్టరు కోసం సామర్లకోటలో రైలెక్కారని నువ్వు చేసిన ఫోను, రాజమండ్రి స్టేషన్లో దిగి ఆయన చేసిన ఫోను, అన్నీ కింద మీ అల్లుడుగారే కట్ చేసి పారేశారు. క్రికెట్ మరి! ఆపరేషనై ఇంకా కంట్లో చుక్కలు వేసుకుంటున్న మనిషి, ఎవరూ రాకపోతే ఒక్కరే ఆటో పట్టుకుని ధవళేశ్వరం వచ్చారు. గుమ్మంలో నిలబడ్డ ఆయన్ని చూసి మీ అల్లుడుగారన్న మాట: "రండి మావయ్యగారూ, కూర్చోండి. ఆఖరి ఓవరండి." కుర్చీలోంచి లేవలేదమ్మా! కాళ్ళకి నీళ్ళు నేనే పరిగెత్తుకొచ్చి ఇచ్చాను. నాన్నగారేమో నల్లకళ్ళద్దాలతో టీవీకేసి తిరిగి కూర్చుని, "స్కోరెంత బాబూ?" అని మర్యాదగా అడిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

సంచిలో చుక్కల మందు ఒక్కటే ఉంది. రెండోది అక్కడే మర్చిపోయారా? తమ్ముడి చేత పంపు. నానమ్మకి కాలు వాపు తగ్గిందా? ఆవిడకి నా నమస్కారాలు.

ఫోన్‌లో చెప్పక కార్డెందుకు రాశానంటావా? దీన్ని పోస్టుడబ్బాలో వేసి రమ్మని మీ అల్లుడుగారికే ఇస్తున్నాను. కార్డుకి కవరుండదుగా, దారిలో చదువుకుంటారు.

నీ కౌముది