చేతికి దారం, బండి మీద పుంజు

గొల్లపేట,
ఆగస్టు, 2023

శ్రీవారికి,

స్వర్ణ రాస్తున్నది. ఇక్కడ అందరూ క్షేమం, నేను తప్ప. ఫోన్‌లో అడుగుదామంటే మీ పెద్దమ్మ కిష్టవ్వ స్పీకర్ పెట్టించి పక్కనే కూర్చుంటుంది. అందుకే గల్ఫ్‌లో మీరుండే బనియాస్‌కు తిరిగి వస్తున్న మన ఊరి పర్శరాములు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మీ దోస్తు నరేశ్ పెట్టిన స్టేటస్‌లో మీ ఫొటో చూశాను. ముందర అరటాకుల గోపురం, దాని నిండా బంతిపూలు. మీ రెండు చేతులకూ తెల్లదారాలు. ఎవరో ఆడమనిషి మీ మణికట్టుకు ఇంకో ముడి వేస్తోంది. మీరేమో నవ్వుతున్నారు. అలా కంకణం కట్టించుకున్న మగవాణ్ణి మన ఊళ్లో పెళ్లికొడుకు అంటారు. మొదట కరోనా అన్నారు, నిరుడు పని అన్నారు. ఇంటికి రాకపోవడానికి అసలు కారణం ఇదా?

ఇట్లు,
మీ మొదటి భార్య
స్వర్ణ

తా.క.: కిష్టవ్వ ఫొటోను పెద్దది చేసి చూసి, "గీమె నాకన్న ముసల్దున్నదే! వీనికేం పుట్టిందే?" అన్నది.

బనియాస్,
సెప్టెంబరు

నా ఒకే ఒక్క భార్య స్వర్ణకు,

ఆమె పేరు బువా. లావోస్ దేశం. నేను తోటపని చేసే ముదీర్, అదే మా యజమాని, ఇంట్లోనే వంట చేస్తుంది. మనవలున్న అవ్వ. నీకు చెప్పలేదు గానీ, ఖర్జూరం గెలలు కోస్తూ నిచ్చెన మీది నుంచి పడ్డాను. దెబ్బ చిన్నదే, జ్వరం మాత్రం వదల్లేదు.

వాళ్ల నమ్మకంలో మనిషికి ముప్పై రెండు ప్రాణాలుంటాయట. జడుసుకుంటే ఒకటో రెండో వెళ్లిపోతాయట. నువ్వు చూసిన ఆ అరటాకుల గోపురం దగ్గర గుడ్లు, బంక అన్నం పెట్టి, మంత్రం చదివి పిలిస్తే వస్తాయట. మళ్లీ పోకుండా దారంతో కట్టేయాలట. "ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పు, పిలుస్తా" అంది అవ్వ తన వచ్చీరాని హిందీలో. మక్కచేనులో మంచె మీద అన్నాను. వానకు ఉరిసే మన వంటింట్లో అన్నాను. నా బండి మీద నువ్వు కూర్చునే వెనక సీటు అన్నాను. చెప్తూ చెప్తూ ఏడ్చేశాను. అది చూసి అవ్వ ముక్కు చీదింది, నాకు నవ్వొచ్చింది. నరేశ్ అప్పుడే ఫొటో కొట్టాడు.

ఈసారి కూడా చుట్టీ కుదరదు. వచ్చే ఏడాది తప్పకుండా వస్తాను.

ఇట్లు,
నీ గంగాప్రసాద్

తా.క.: ఆ దారాలు మూడు రోజులైనా ఉంచుకోవాలి, కత్తిరించకూడదు. నేనింకా విప్పలేదు. స్నానం చేసి ఆ తడి దారాలతో వస్తే నరేశ్ "చేతులు గూడ తీగ మీద ఆరెయ్యి" అంటున్నాడు.

గొల్లపేట,
అక్టోబరు

శ్రీవారికి,

పడ్డ సంగతి దాచినందుకు మీతో తర్వాత మాట్లాడతాను, స్పీకర్ పెట్టి మరీ.

ముందు ఇది వినండి. మీ ప్రాణం ఒకటి ఇక్కడికి వచ్చేసింది, ఒట్టు. మీరు పడ్డ రోజుల్లోనే ఎక్కడి నుంచో ఒక పుంజు వచ్చి, నేరుగా మీ బండి వెనక సీటు ఎక్కింది. అక్కడే నిద్ర. బారెడు పొద్దెక్కాక గానీ కూయదు. నూకలు నచ్చకపోతే మొహం తిప్పుకుంటుంది. ఏం చెప్పినా వినదు. మీరు కాక ఇంకెవరు?

చిక్కేమిటంటే, మీరు పడ్డారని తెలియగానే కిష్టవ్వ ఆ పుంజునే పోచమ్మకు మొక్కింది. కొయ్యొద్దంటే, "మొక్కు మొక్కే" అంటోంది. మీ ప్రాణాన్ని మీరే వచ్చి కాపాడుకోండి. బువా అవ్వ చేత మాత్రం దాన్ని అక్కడి నుంచి పిలిపించకండి. నేను పంపను.

ఇట్లు,
మీ ప్రాణానికి కాపలా ఉన్న
స్వర్ణ

తా.క.: కిష్టవ్వ మసాలా నూరుతోంది.

నవంబరు

స్వర్ణకు,

నీ ఉత్తరం అవ్వకు చదివి చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత పొయ్యి మీద చాయ్ నీళ్లు పెడుతూ, "నాదీ ఒకటి మెకాంగ్ నది ఒడ్డున మా ఇంటి మెట్ల మీద కూర్చుంది. ఏళ్లుగా పిలుస్తున్నా రాదు. పిలిస్తే రాని ప్రాణం దగ్గరికి మనిషే పోవాలి. నేను పోలేకపోయాను, నువ్వు పో" అంది. ఆమే చాయ్ పట్టుకుని ముదీర్ దగ్గరికి వెళ్లింది. ఏం చెప్పిందో గానీ, ఆయన నన్ను పిలిచి "యల్లా, ఇంటికి పో" అన్నాడు. వచ్చే ఏడాది అనే మాట ఖలాస్.

ఈ ఉత్తరం ఎవరి చేతికీ ఇవ్వలేదు. తెచ్చినవాడు నీ గడప ముందే నిలబడి ఉన్నాడు. చదవడం అయితే లోపలికి రమ్మను. అవ్వ ఇచ్చిన దారాలు జేబులో ఉన్నాయి, ఒకటి నీకు, ఒకటి పుంజుకు.

ఇట్లు,
నీ గంగాప్రసాద్

తా.క.: ఆ పుంజును నువ్వు అంగడిలో కొన్నావని, సీటు మీద నూకలు చల్లి మరీ అలవాటు చేశావని కిష్టవ్వ ఎప్పుడో ఫోన్‌లో చెప్పేసింది, స్పీకర్ పెట్టకుండా. అయినా వచ్చాను. నా ప్రాణం ఆ వెనక సీటు మీదే ఉన్న మాట నిజం.