లోపల ఎవరైనా ఉన్నారా?

ఫిల్మ్‌నగర్,
శనివారం మధ్యాహ్నం

నాగమణికి అక్క దీవెనలు.

ముందు అసలు సంగతి. మొన్న గురువారం ఉదయం పది గంటలకు మీ ఆయన సత్తిబాబు మళ్లీ ఫైర్ పైపు బ్రాంచ్ పట్టుకున్నాడు. మంటకు ఎదురుగా నిలబడ్డాడు, అది పూర్తిగా ఆరేదాకా కదల్లేదు. ఆ పైపు చివరి ఇత్తడి గొట్టాన్ని అతను ముట్టుకుని ఏడాది దాటిందని నీకు నేను చెప్పక్కర్లేదు. మనిషి కులాసా. నేనూ కులాసా. అత్తయ్యగారి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? చంటికి దగ్గు పోయిందా? హారిక ఈ ఏడైనా బడికి టైముకి లేస్తోందా?

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. రెండు గదుల ఇల్లు, నేను ఫోనెత్తితే అతను పక్కనే ఉంటాడు. పైగా ఈ ఉత్తరం రాయమన్నది కూడా అతనే. "మీరే రాయండి వదినగారూ, నేను చెబితే మధ్యలో ఆగిపోతాను," అన్నాడు. ఇన్నేళ్లూ కాకినాడలో ప్రమాదాల వార్తలు రాసినదాన్ని. ఇదీ అలాగే, జరిగింది జరిగినట్టు రాస్తాను. ముందు నువ్వొక్కదానివే చదువుకో. తరువాత అత్తయ్యగారికి వినిపించు.

పత్రిక వాళ్లు నన్ను ఇక్కడి డెస్కుకి మార్చి నాలుగు నెలలైంది. ఈ ఊరు గుట్టల మీద ఉంది. పై రోడ్డంతా జూబ్లీహిల్స్ బంగళాలు, గేటుకో కాపలా మనిషి. మెట్లు దిగితే మా సందు. లైట్లు మోసేవాళ్లు, మేకప్ వాళ్లు, డ్రైవర్లు, వేషాల కోసం వచ్చి వేరే పనుల్లో కుదురుకున్నవాళ్లు. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. గాలిలో తేమ లేదు, పెదాలు పగులుతున్నాయి. చేపలు దొరుకుతాయి గానీ అన్నీ చెరువు చేపలే. ఆఫీసులో అందరూ మేడమ్ అంటారు. 'వరం' అని పిలిచేవాళ్లు ఈ ఊళ్లో ఒక్కరూ లేరు, సాయంత్రాలు అది బాగా తెలుస్తుంది. సత్తిబాబు వైద్యానికని వచ్చాక కనీసం 'వదినగారూ' అన్న పిలుపు ఇంట్లో వినిపిస్తోంది. బెంగపడకు, బాగానే తింటున్నాం. అతను వండుతున్నాడు. నిజమే రాస్తున్నాను, అది కూడా వైద్యంలో భాగం.

వచ్చిన మొదటి ఆదివారం ఒక తమాషా జరిగింది. సంచీ తీసి, "పద, ఎర్రగడ్డ వెళ్దాం," అన్నాను. మొహం పాలిపోయింది. చొక్కా వేసుకున్నాడు, బొత్తాలు పెట్టుకున్నాడు. ఆటోలో అడిగాడు: "అక్కడే ఉంచేస్తారా వదినగారూ?" అప్పుడు గానీ నాకు వెలగలేదు. ఎర్రగడ్డ అంటే నాకు కూరగాయల బజారు. మనవైపు సినిమాలు చూసి పెరిగిన వాళ్లకు అది పిచ్చాసుపత్రి. వంకాయలు కొన్నంతసేపూ ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. ఆ ఆసుపత్రికి వెళ్లేవాళ్లు కూడా బాగుపడటానికే వెళ్తారని తిరుగు ప్రయాణంలో అతనే అన్నాడు.

అతను వెళ్లేది మాత్రం జూబ్లీహిల్స్‌లో ఒక పాత బంగళా మేడ మీద సెంటరుకి. అక్కడికొచ్చేవాళ్లు ఫైర్ వాళ్లు, అంబులెన్స్ వాళ్లు, పోలీసులు. చూడకూడనివి చూసి నిద్ర, గురి, జ్ఞాపకం చెదిరినవాళ్లు. నేర్పేది సునీత అనే ఆవిడ, కరీంనగర్ వైపు మనిషి. నాకు ఆవిడ చెప్పింది ఇది. ఒంటికి దెబ్బ తగల్లేదు, కానీ మెదడు రాత్రీపగలూ కాపలా కాస్తూ కూర్చుంది. కాపలా కాసేవాడికి వేరే పనికి తీరిక ఎక్కడిది? అందుకే స్టవ్ ఆపడం మర్చిపోయాడు, తెలిసిన రోడ్డులో దారి తప్పాడు, నువ్వు రెండు పనులు ఒకేసారి చెబితే అరిచాడు. తెలివి ఎక్కడికీ పోలేదు. దానికి తీరిక దొరికేలా మళ్లీ అలవాటు చెయ్యాలి. నువ్వు ఇరుగుపొరుగుతో 'ట్రైనింగ్‌కి వెళ్లారు' అని చెబుతున్నావు చూడు, అబద్ధం చెబుతున్నానని బాధపడకు. అక్కడా దాన్ని ట్రైనింగ్ అనే అంటారు.

పేకముక్కలు రంగు ప్రకారం పేరుస్తూ ఉండాలి, గంట కొట్టగానే అంకెల ప్రకారానికి మారాలి. వార్తలు వింటూ ఊరి పేరు వచ్చినప్పుడల్లా బల్ల తట్టాలి. తరువాత ఏం చెయ్యాలో పైకి చెబుతూ పప్పుచారు కాయాలి. ఇతనికి జోడీ మల్లేశ్, సిద్దిపేట అంబులెన్స్ డ్రైవరు. మొదటి వారం పప్పుచారు నోట పెట్టలేకపోయారు. మల్లేశ్ రెండు గిన్నెలూ రుచి చూసి అన్నాడట: "అన్నా, నువ్వు ఉప్పు రెండుసార్లేసినవ్. నేను అస్సలే వెయ్యలే. రెండు కలుపు, లెక్క సరిపోతది." ఆ రోజు సత్తిబాబు నవ్వుతూ ఇంటికొచ్చాడు.

ఇక అసలు దెబ్బ రెండో వారంలో తగిలింది. మా కింది వాటాలో యాదగిరి ఉంటాడు. షూటింగులకు మనుషుల్ని, సామాను బళ్లను పంపే పని. సినిమా వాళ్లలో 'కాల్' అంటే ఎన్నింటికి పనిలో ఉండాలో ఆ వేళ. ఫైర్ వాళ్లలో కాల్ అంటే ఏమిటో నీకు బాగా తెలుసు. ఆ ఉదయం యాదగిరి సందులో నిలబడి ఎవరినో గట్టిగా పిలిచాడు: "ఓ సురేశూ, కాల్ ఉంది, ఉరుకు!" సత్తిబాబు మెట్ల మీంచి చెప్పుల్లేకుండా దూకినట్టే దిగాడు. సందు మొదట్లోకి పరిగెత్తి బండి కోసం చూస్తూ నిలబడ్డాడు. యాదగిరి వెనకాలే వెళ్లాడు.

"ఏమైందన్నా, గట్ల ఉరికొచ్చినవేంది?"

"ఎక్కడండీ?"

"ఏది ఎక్కడ?"

"కాల్."

"అది షూటింగ్ కాల్ అన్నా. సురేశ్‌కు."

టీ కొట్టు దగ్గర ఒకరిద్దరు నవ్వారు. సత్తిబాబు పైకొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు సెంటరుకి వెళ్లలేదు. "నాకు నయం కాదు, టికెట్ తీయండి," అన్నాడు. నీకు ఫోన్ చేసి 'జలుబు చేసింది' అని నేను చెప్పింది ఆ రోజే.

సునీత ఇంటికొచ్చింది. ఓదార్పు మాటలేం లేవు. "ఫైర్ స్టేషన్‌లో ఫోన్ మోగినంక ముందుగాల ఏం చేస్తరు? బండెక్కుతరా?" అని అడిగింది. "ఆయ్, ఎక్కమండీ," అన్నాడు. వాచ్ రూమ్‌లో, అంటే ఫోనుండే గదిలో, డ్యూటీ మనిషి ముందు మూడు ప్రశ్నలు అడుగుతాడట. ఏం కాలుతోంది? ఎక్కడ? లోపల ఎవరైనా ఉన్నారా? జవాబులు వచ్చాకే గంట మోగుతుంది. "మరి పొద్దున మీరు ఎవరిని అడిగిన్రు?" అంది ఆవిడ. "అడగలేదండీ," అన్నాడు.

అప్పటినుంచి అదే సాధన. ఏ చప్పుడు వినిపించినా, ఏ మాటకు గుండె దడదడలాడినా, కాళ్లు కదిలేలోపు మూడు ప్రశ్నలు. మొదటి రెండూ తొందరగానే పట్టుబడ్డాయి. యాదగిరి పాపం తన తప్పేనన్నట్టు రోజూ పొద్దున సాయం చేసేవాడు. "అన్నా, కాల్," అనేవాడు. "ఏంటి? ఎక్కడ?" అని ఇతను. "ఏం లే, చాయ్ తాగుదాం, మూల మీద." కానీ మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయేవాడు. వారాల తరబడి ఆ ప్రశ్న అతని నోటి నుంచి రాలేదు.

నాగమణీ, ఇక్కడ నెమ్మదిగా చదువు. నీకు తెలియనిది ఇదే.

మందుగుండు షెడ్డు కాలిన రోజు బండిలోంచి ముందు దిగింది అతనే. దిగుతూనే గేటు దగ్గరున్న మనిషిని అడిగాడు, లోపల ఎవరైనా ఉన్నారా అని. అందరూ భోజనాలకు వెళ్లారు, ఎవరూ లేరు అన్నాడు ఆ మనిషి. అందుకని పక్క షెడ్డుకి అంటుకోకుండా ముందు అటు నీళ్లు కొట్టించాడు. లోపల ఇద్దరున్నారు. గేటు మనిషి అబద్ధం ఆడలేదు, అతనికీ తెలియదు. విచారణలో సత్తిబాబు తప్పేమీ లేదని రాశారు, అది మనిద్దరం చదివాం. ఆ ప్రశ్నా ఆ జవాబూ మాత్రం అతను నీకు చెప్పలేదు. ఆ వార్త రాసిన నాకూ చెప్పలేదు. సునీతకు చెప్పాడు, తరువాత నాకు.

ఇప్పుడు నీ బాధ సంగతి. రోజూ సాయంత్రం ఫోన్ చేసి 'ఇంట్లో ఎవరెవరున్నారు' అని అడుగుతాడని, నిన్న చెప్పింది కూడా గుర్తుండటం లేదని నువ్వు ఏడ్చావు. ఎక్కడికి పోతాం, అందరం ఉన్నాం అని విసుక్కున్నావు కూడా. అతనికి గుర్తుంది. నువ్వు నిన్న చెప్పింది నిన్నటి జవాబు. అతనికి ఇవాళ్టిది కావాలి.

గురువారం సంగతి చెప్పి ముగిస్తాను. యాదగిరి మనుషుల్ని పంపే ఒక సినిమా యూనిట్ వాళ్లు గుట్ట పక్కన ఖాళీ జాగాలో పూరిల్లు సెట్ వేసి కాలుస్తున్నారు. నీళ్ల ట్యాంకరు ఉంది, బ్రాంచ్ పట్టుకునే తెలిసిన మనిషి కావాలి. సునీత ఒప్పుకుంది, తనూ వచ్చింది. నేను సెలవు పెట్టి వెళ్లాను. అన్నీ సిద్ధమయ్యాక అసిస్టెంట్ డైరెక్టర్ 'రెడీ' అన్నాడు. సత్తిబాబు చెయ్యెత్తాడు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"సెట్టు కదండీ. వెనకాల గోడే లేదు, ఎవరుంటారు?"

"ఉన్నారా, లేరా?"

"లేరండీ బాబూ. అవతల ఎండెక్కిపోతోంది."

యాదగిరి అడ్డొచ్చాడు. "జర ఆగుండ్రి సార్. అన్న చూసొస్తడు."

సత్తిబాబు బ్రాంచ్ యాదగిరి చేతికిచ్చి లోపలికి వెళ్లాడు. వంగి మంచం కింద చూశాడు. గడ్డి మోపు పక్కకు జరిపి చూశాడు. బయటికొచ్చి, "ఎవరూ లేరు," అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు. సునీత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తరువాత మంట పెట్టారు. 'కట్' అనగానే నీళ్లు వదిలాడు, పొగ తగ్గేదాకా కొట్టాడు, పైపు తనే చుట్టాడు.

ఆ తరువాతది కూడా రాయాలి. టిఫిన్ డబ్బా అక్కడే మర్చిపోయి వచ్చాడు, యాదగిరి తెచ్చాడు. ఆ రాత్రి మాత్రం తెల్లారేదాకా నిద్రపోయాడు.

నువ్వు ఆఫీసు సీటు అడగమన్నావు. నేను వద్దంటాను. సునీత రాసిచ్చింది ఇది: మొదట కొన్నాళ్లు వాచ్ రూమ్, తరువాత చూసి బండి. వాచ్ రూమ్ కావాలన్నది సత్తిబాబే. ఆ మూడు ప్రశ్నలు అడిగే కుర్చీలో తనే కూర్చుంటానన్నాడు. డ్యూటీకి పనికొస్తాడో లేదో తేల్చే మెడికల్ బోర్డు ఏమంటుందో నేను చెప్పలేను. గురువారం నా కళ్లారా చూసింది మాత్రం చెప్పగలను, ఆ కుర్చీ పని అతను చెయ్యగలడు.

నువ్వు చెయ్యాల్సినవి చిన్నవే. తలుపు పక్కన తాళాలకు ఒక మేకు కొట్టించు. పని ఒకటి అయ్యాకే రెండోది చెప్పు. గుర్తుందా లేదా అని చుట్టాలెవరూ పరీక్షలు పెట్టకుండా చూడు. యాదగిరికి, సునీతకు కాజాలు పంపు, నాకు ఎండు రొయ్యలు. ఇక్కడివి రుచి లేవు. అత్తయ్యగారికి నా నమస్కారాలు. కొడుకుతో పాటు నన్నూ దీవించమని చెప్పు. పిల్లలకు ముద్దులు.

మీ అందరి మేలు కోరే
అక్క వరం

తా.క. రేపు కాదు, వచ్చే ఆదివారం రాత్రి రైలెక్కిస్తున్నాను. సోమవారం పొద్దున కాకినాడ టౌన్‌లో దిగుతాడు, నువ్వే స్టేషన్‌కి వెళ్లు. బోర్డు బుధవారం. ప్లాట్‌ఫాం మీద నిన్ను చూడగానే ఇంట్లో ఎవరెవరున్నారని అడుగుతాడు. ఒక్కొక్కరి పేరూ చెప్పు.