కుడి దవడ పన్ను ఒక్కటే

మార్చి 3, సోమవారం

నేను చెబుతున్నాను, కోడలు రాస్తోంది. నాకు చదువు రాదు. చదువు రానివాళ్లకి లెక్క కూడా రాదని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల ఖర్మ. నలభై రెండేళ్లు కుట్టుమిషను తొక్కాను. ఎవరి గుడ్డా జానెడు ఉంచుకోలేదు. ఎవరికీ ఒక్క పూట అప్పు పడలేదు.

కింది వాటాలో రిటైరైన కోర్టు గుమస్తా ఉన్నాడు. జరిగింది జరిగినట్టు, ఏ రోజుది ఆ రోజు తేదీ వేసి రాయించండి పిన్నిగారూ, రేపు కేసు దాకా వెళితే ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది అన్నాడు. దారాల షాపువాడు ఉచితంగా ఇచ్చిన డైరీ బీరువాలో పడి ఉంది. తీశాం. ఎవరికని రాయమంటారు అత్తయ్యా అని కోడలు అడిగింది. ఎవరికీ కాదు, ముందు కాగితానికి చెప్పు అన్నాను.

కేసు ఇది. నా కింది దవడలో కుడివైపు పన్నుకి రూట్ కెనాల్ చేశారు. ఒక్క పన్ను. క్యాప్‌తో కలిపి తొమ్మిది వేలు. ఎప్పుడో కట్టేశాను. ఇవాళ క్యాప్ పెట్టించుకుందామని వెళితే కౌంటర్లో కళ్లజోడావిడ కంప్యూటర్ చూసి, ఇంకా తొమ్మిది వేలు బ్యాలెన్స్ ఉంది మామ్మగారూ అంది. దేనికి అంటే ఎడమవైపు పన్నుకట. నాకు ఎడమవైపు ఎవరూ ఏమీ చేయలేదమ్మా అన్నాను. సిస్టమ్‌లో రెండు పళ్లు ఉన్నాయి అంది. సిస్టమ్‌లో ఉన్నాయేమో, నా నోట్లో లేవు అన్నాను. కూర్చున్నవాళ్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

నా క్యాప్ ఆవిడ వెనక అరలోనే ఉంది. అగ్గిపెట్టంత డబ్బా. చేయి చాపితే అందేంత దూరం. బ్యాలెన్స్ కడితేగానీ పెట్టరట. డాక్టరు ఊళ్లో లేడు. వాళ్లక్కకి ఆపరేషన్, వచ్చే సోమవారానికి వస్తాడు. పక్కగదిలో చిన్న డాక్టరుంది. నేను పళ్లు క్లీన్ చేస్తానండీ, బిల్లుల జోలికి పోను అని తలుపేసుకుంది.

మార్చి 4, మంగళవారం

ఎడమవైపే నమిలాను. కుడివైపు నాలుక కాపలా కాసింది.

మార్చి 5, బుధవారం

ఈసారి కోడల్ని తీసుకెళ్లాను. కళ్లజోడావిడ మర్యాదగానే మాట్లాడింది. ఆ మర్యాదే నన్ను చంపింది. అరిచే మనిషి మీద ఎదురు అరవచ్చు.

ఒక కాగితం తీసి చూపించింది. ఎస్టిమేట్. అందులో రెండు పళ్లూ ఉన్నాయి, కింద నా వేలిముద్ర ఉంది. మీదే కదా మామ్మగారూ అంది. నాదే. నా బొటనవేలి మీద సూది దిగిన మచ్చ కూడా పడింది ముద్రలో. అది వేసిన రోజు కోడలు బయట బండి పెడుతోంది. ఆవిడ ఇక్కడ వేయండి అంది, నేను వేశాను. చదవమని అడగలేదు. నొప్పి తగ్గిన సంతోషంలో ఆస్తి రాసిమ్మన్నా వేసేదాన్నేమో.

పన్ను మీద ఇప్పుడున్నది తాత్కాలిక సిమెంటు. అది ఊడి పన్ను చీలితే రూట్ కెనాల్ అంతా బూడిదలో పోసినట్టే, ఆలస్యం చేయొద్దు అని కూడా ఆవిడే చెప్పింది. చెప్పి, బ్యాలెన్స్ కట్టమంది. తాళం వేసి, లోపలికి రండి అన్నట్టుంది.

దారిలో కోడలు, పోనీలెండి అత్తయ్యా అంది. ఏం పోనీ? తొమ్మిది వేలు పోతే పోనీ. ఎగ్గొట్టిందన్న మాట ఎలా పోతుంది?

మార్చి 6, గురువారం

కోర్టు గుమస్తా విన్నాడు. వేలిముద్ర ఉందంటే కష్టమే పిన్నిగారూ, అయినా నోటీసు పంపుదాం, డాక్టరు దిగొస్తాడు అన్నాడు. నోటీసు డాక్టరు పేరు మీదట. వద్దన్నాను.

ఎందుకు వద్దన్నానో అది కూడా రాయి అన్నాను కోడల్ని.

ఫిబ్రవరిలో ఆ పన్ను నొప్పి లేచింది. తెల్లవార్లూ దవడ పట్టుకుని కూర్చున్నాను. ఇద్దరు పిల్లల్ని కన్నాను, ఒక మనిషిని సాగనంపాను, ఇంత ఏడవలేదు. పొద్దున ఆరుకల్లా ఆస్పత్రి షట్టర్ ముందున్నాం. తొమ్మిదింటికి తీస్తారని బోర్డు మీద ఉందట. డాక్టరు ఇల్లు పైనే. కోడలు పైకి చూసి పిలవడానికి మొహమాటపడింది. నేను పడలేదు. కిటికీలోంచి చూసి, లుంగీ మీదే తెల్లకోటు తగిలించుకుని దిగొచ్చాడు. తానే షట్టర్ ఎత్తాడు, తానే లైట్లు వేశాడు. కౌంటర్లో ఎవరూ లేరు. డబ్బు సంగతి ఎత్తలేదు. ఇంజెక్షన్ ఇచ్చి, పన్ను తెరిచి, చీము వదిలాడు. పెద్దమ్మగారూ, ఇప్పుడెలా ఉంది అన్నాడు. నేను ఆయన చేయి పట్టుకున్నాను. తర్వాత ఒక కార్డు మీద పళ్ల బొమ్మలో ఏదో పన్నుకి సున్నా చుట్టి కౌంటర్ మీద పెట్టాడు.

ఆ కోటుకి చంక దగ్గర కుట్టు విడిపోయి ఉంది. నా నోట్లో పనిచేస్తున్నంతసేపూ అదే నా కళ్లముందు. అంత నొప్పిలోనూ సూది ఉంటే బాగుండుననిపించింది.

ఆ మనిషికి నోటీసా?

మార్చి 7, శుక్రవారం

ఈ ముక్క రాయనంటోంది కోడలు. రాయమన్నాను. నా చేతిలో కత్తెర ఉంది కాబట్టి రాస్తోంది.

నిన్న మధ్యాహ్నం కూరగాయలకని వెళ్లి ఆస్పత్రికి పోయిందట. తాను దాచుకున్న నాలుగు వేలు కౌంటర్లో పెట్టి, ఇవి ఉంచి అత్తయ్యకి క్యాప్ పెట్టండి, మిగతావి నెల నెలా ఇస్తాను, ఆవిడకి మాత్రం చెప్పొద్దు అందట. సగం సగం తీసుకోం అని వెనక్కి పంపారు. సంచీలో కూరగాయలు లేకపోతే నాకు తెలియకుండా ఉంటుందా?

తిట్టాను. చేయని పనికి డబ్బు కడితే చేసినట్టే ఒప్పుకున్నట్టు కాదా, నా పరువు నాలుగు వేలకి తాకట్టు పెడతావా అన్నాను. తలొంచుకుని విని, మీరు ఒకవైపే నములుతుంటే నాకు అన్నం దిగడం లేదు అంది.

ఇంతే. ఇంకేం రాయకు.

మార్చి 8, శనివారం

దొరికింది.

కోడలి ఫోన్లో ఆ బిల్లు ఫోటో ఉంది. చూపించమన్నాను. అక్షరాలు నాకెందుకు, బొమ్మ చూపించు అన్నాను. రెండు వరసల పళ్లు, నవ్వే నోరు లాగా. కింది వరసలో అటొకటి ఇటొకటి నలుపు చేశారు. ఇందులో నా కుడి ఏది అని అడిగాను. కోడలు తన కుడిచేతివైపున్న పన్ను మీద వేలు పెట్టింది.

ఆ వేలు అక్కడే పట్టుకుని ఆపాను.

పని నేర్చుకునే రోజుల్లో, బ్యాంకు జవాన్లకి పన్నెండు చొక్కాలు నాకప్పజెప్పాడు మాస్టారు. నమూనాగా ఒక మనిషి ఫోటో ఇచ్చాడు. ఫోటోలో జేబు నా చేతి వాటాన ఎటు కనిపిస్తే అటే కుట్టాను. పన్నెండింటికీ జేబు కుడివైపు పడింది. మాస్టారు ఒక చొక్కా నాకే తొడిగి, ఇప్పుడు గుండె మీద చేయి వేసుకో అన్నాడు. ఎదురుగా నిలబడ్డవాళ్ల కుడి మన ఎడమ. ఆ రోజు నుంచీ నలభై రెండేళ్లలో మళ్లీ తప్పలేదు.

డాక్టరు నాకెదురుగా కూర్చుని నా నోటి బొమ్మ మీద సున్నా చుట్టాడు. అది కాగితానికి ఎడమవైపే పడుతుంది. ఆవిడ కౌంటర్లోకి కొత్తగా వచ్చింది. కార్డుల్ని కంప్యూటర్‌కి ఎక్కిస్తోంది. కాగితం ఎడమని నా ఎడమ చేసింది. మర్నాడు ఎక్స్‌రే తీశాక డాక్టరు కుడి అని నోటితో చెప్పాడు, అదీ ఎక్కించింది. ఒకే పన్ను రెండుసార్లు పుట్టింది.

నా దగ్గర సాక్ష్యం ఇంకొకటి ఉంది. ఆస్పత్రికి వెళ్లినప్పుడల్లా దవడకి పెట్టుకునే చేతిరుమాలు. బట్టలిచ్చినవాళ్ల కొలతలు గుడ్డపేలికల మీద గాట్లు పెట్టి గుర్తుంచుకున్న చేతులు ఇవి, అలవాటు పోదు. డాక్టరు కుర్చీలో కూర్చున్న ప్రతిసారికీ ఒక ఎర్రదారం కుట్టు. అన్నీ ఒకే అంచున, కుడివైపు అంచున.

మార్చి 10, సోమవారం

పొద్దున పదింటికి.

అరుద్దామనే వెళ్లాను. మాటలు కూడా దారి పొడవునా నూరుకున్నాను. కౌంటర్ దగ్గరికి వెళ్లేసరికి కళ్లజోడావిడ ముఖం కనిపించింది. పన్నెండు చొక్కాలు ముందు పెట్టుకున్న నా ముఖం లాగే ఉంది. నన్ను చూసి ముందే బెదిరింది పాపం.

లేచి నిలబడమ్మా అన్నాను. నిలబడింది. నీ కుడిచేయి ఎత్తు అన్నాను. ఎత్తింది. నేను నా కుడిచేయి ఎత్తాను. ఆవిడది ఒక పక్క, నాది ఇంకో పక్క. వెనక బెంచీ మీద కూర్చున్నాయన కూడా ఎందుకో చేయి ఎత్తాడు. ఇప్పుడు ఆ కార్డు తీసి చూడు అన్నాను.

తీసింది. చూసింది. కార్డు తిప్పి చూసింది. తన ఛాతీకి ఆనించుకుని నావైపు చూసింది. అయ్యో మామ్మగారూ అంది. తర్వాత చిన్నగా, ఇలాంటివి ఇంకెన్ని ఎక్కించానో అంది. అన్నీ తిప్పి చూసుకో, నేను పన్నెండు జేబులు ఊడదీసి కుట్టాను అన్నాను.

డాక్టరు లోపలికి పిలిచాడు. వాళ్లక్క బాగుందట, సంతోషం. అద్దం పెట్టి ఎడమవైపు చూశాడు. పాత వెండి ఫిల్లింగ్ తప్ప ఏమీ లేదన్నాడు. క్షమించండి పెద్దమ్మగారూ, ఎస్టిమేట్ నేను చూడాల్సింది, మీ క్యాప్ ఆపడం అంతకన్నా తప్పు అని లేచి నిలబడి చెప్పాడు. కళ్లజోడావిడ, తప్పు నాది సార్ అంది. నాది అంటే నాది అనుకుంటున్నారు ఇద్దరూ. వేలిముద్ర నాది అన్నాను నేను.

అక్కడితో ఊరుకుని వస్తే ఎంత బాగుండేదో అంటోంది కోడలు.

చేతిరుమాలు తీసి చూపించాను, గర్వంగానే. డాక్టరు కుట్లు లెక్కపెట్టాడు. ఆరు. కళ్లజోడావిడ కంప్యూటర్లో చూసింది. ఐదు తేదీలే ఉన్నాయి. కోడలు నా నడుం గిల్లింది. నేను ఆగలేదు. మొదటి కుట్టు ఆ పొద్దున ఆరు గంటలది, షట్టర్ ఎత్తినది, అది బిల్లులో పడలేదు అన్నాను. అర్జెంటుగా చూస్తే ఐదువందలని మీ బోర్డు మీద ఉందట, వేయండి అన్నాను.

డాక్టరు నవ్వి, ఆ వేళ ఆస్పత్రి తెరవలేదు కదా పెద్దమ్మగారూ, తెరవని ఆస్పత్రికి బిల్లేమిటి అన్నాడు. తెరిచింది ఎవరు మరి, నీ లుంగీయా అన్నాను. కళ్లజోడావిడ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. తీసుకోనంటాడు. చేయని పనికి అడిగితే ఇవ్వనన్నాను, చేసిన పనికి తీసుకోనంటే ఊరుకుంటానా, ఈసారి దీనికి కేసు వేస్తాను అన్నాను.

కోడలు మధ్యలో పడింది. సార్, కోటు కుట్టు విడిపోయిందట, అది చూసినప్పటి నుంచీ మా అత్తయ్య నిద్రపోవడం లేదు, డబ్బుకి బదులు కుట్టిపెడుతుంది, ఆ కోటు పంపించండి అంది.

డాక్టరు చేయి ఎత్తి చంక చూసుకున్నాడు. అంతమంది ముందూ సిగ్గుపడ్డాడు. సరే అన్నాడు.

మార్చి 11, మంగళవారం

క్యాప్ పెట్టారు. వేయించిన వేరుశెనగ గింజ కుడివైపు వేసుకుని కొరికాను. చప్పుడు వంటింట్లోకి వినిపించిందట, కోడలు అక్కడినుంచే నవ్వింది. ఇవాళ అది కూడా కడుపునిండా తింది.

ఇన్నాళ్లూ ఈ పిల్ల రాసింది. మాట మార్చలేదు, తన తిట్లు కూడా తానే రాసుకుంది. పొద్దున ఆరింటికి బండి తీసింది. ఇది చెబుతుంటే పెన్ను ఆపేసింది. ఆపకు, రాయి. నీకు ఎలా చెప్పాలో నాకు తెలియక కాగితానికి చెబుతున్నాను.

మార్చి 17, సోమవారం

కోటు వచ్చింది. కుట్టాను. కోడలు బిల్లు రాసింది. కుడిచంక కుట్టు, ఒకటి, ఐదువందలు, చెల్లు. కుడి అంటే ఆయన కుడి. ఎడమచంక బాగానే ఉంది, వేయలేదు. వేలిముద్ర వేసేముందు రెండుసార్లు చదివించుకున్నాను.